చేనేత కార్మికుల కష్టం: ఎక్కడ పుడుతుంది? ఎలా తగ్గుతుంది?

సంక్షేమ హాస్టళ్ల పిల్లలకు ఇచ్చే దుప్పట్లు, జంపఖానాలు ఆప్కో ద్వారా కొనడం మన రాష్ట్రంలో ఎన్నో ఏళ్లుగా వస్తున్న పద్ధతి. ఆప్కో అంటే చేనేత సహకార సంఘాలన్నిటికీ కలిపి 1976లో ఏర్పడిన రాష్ట్ర స్థాయి సంఘం. ఊళ్లలోని సంఘాల సభ్యులు నేసిన గుడ్డను తీసుకుని దుకాణాల్లో అమ్ముతుంది, ప్రభుత్వ శాఖలకు సరఫరా చేస్తుంది. కాబట్టి హాస్టల్లో దుప్పటి కప్పుకుని పడుకునే మనకూ, ఎక్కడో మగ్గం మీద కూర్చున్న మనిషికీ సంబంధం ఉంది. దుప్పటి మెత్తగా ఉందా, గరుకుగా ఉందా అని చూస్తాం. రంగు పోతుందా అని చూస్తాం. దాన్ని నేసిన మనిషి ఒళ్లు ఎలా ఉందో మాత్రం ఆలోచించం.

చేనేత గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు చీర అందం గురించో, గిట్టుబాటు ధర గురించో ఉంటాయి. అవి కావలసినవే. మేము ఈ వార్షికోత్సవ సంచికలో వేరే విషయం రాయదలచాం. నేత పని మనిషి శరీరాన్ని ఏం చేస్తుంది? నడుం ఎందుకు నొస్తుంది? చూపు ఎందుకు తగ్గుతుంది? ఇది తలరాతా, లేక మార్చగలిగిన సంగతా? ఈ ప్రశ్నలకు మాకు తెలిసినంతలో జవాబు చెబుతాం.

నేత ఎవరి పని?

మన శావల్యాపురం మండలం ప్రధానంగా వ్యవసాయ ప్రాంతం. పత్తి, మిరప, వరి పనులే మన ఇళ్లలో ఎక్కువమందికి తెలుసు. అయినా చేనేత మనకు దూరపు విషయం కాదు. శావల్యాపురం స్టేషన్‌లో రైలెక్కి నరసరావుపేట మీదుగా గుంటూరు చేరి, అక్కడి నుంచి విజయవాడ వైపు కాస్త ముందుకు వెళ్తే మంగళగిరి వస్తుంది. నిజాం అంచు చీరలకు పేరుపడిన ఊరు. ఇటు దక్షిణంగా వెళ్తే చీరాల, పేరాల, వేటపాలెం ఉన్నాయి. 2022లో జిల్లాలు విడిపోయి మనం పల్నాడు జిల్లా అయ్యాం గాని, అంతకుముందు మంగళగిరీ మనమూ ఒకే గుంటూరు జిల్లా.

నేత అనగానే పద్మశాలీలు, దేవాంగులు, తొగటలు గుర్తుకొస్తారు. కాని నేత వాళ్లొక్కరిదే కాదు. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్స్టన్ గ్రంథంలో మాలల వృత్తుల్లో ముతక గుడ్డ నేయడం కూడా ఉన్నట్టు రాసి ఉంది. తెలంగాణలో నేతకాని అనే కులం షెడ్యూల్డు కులాల జాబితాలోనే ఉంది. కూలివాడు కట్టుకునే గోచి గుడ్డ, తలగుడ్డ, కప్పుకునే దుప్పటి ఒకప్పుడు ఈ మగ్గాల మీదే తయారయ్యేవి. మిల్లు గుడ్డ వచ్చాక ముందుగా దెబ్బతిన్నది ముతక నేతే. ఆ కుటుంబాల్లో చాలామంది పొలం పనుల్లోకి వెళ్లిపోయారు. కాబట్టి మనలో కొందరి ముత్తాతలు కూడా మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నవాళ్లే కావచ్చు.

గుంత మగ్గం ఎలా పనిచేస్తుంది?

నేల మీద పొడవుగా లాగి కట్టిన దారాలను పడుగు అంటారు. అడ్డంగా వేసే దారం పేక. పడుగు దారాలు కొన్ని పైకి, కొన్ని కిందికి విడిపోతే మధ్యలో దారి ఏర్పడుతుంది. ఆ దారిలోంచి నాడె అటూ ఇటూ పరుగెడుతుంది. నాడె లోపల కండె ఉంటుంది. కండె మీద పేక నూలు చుట్టి ఉంటుంది. నాడె ఒకసారి దాటితే ఒక పేక పడినట్టు. అప్పుడు అచ్చు బిగించిన బరువైన చట్రాన్ని తనవైపు లాగి కొడితే పేక ముందు పేకకు దగ్గరగా ఒత్తుకుంటుంది.

గుంత మగ్గంలో మనిషి నేలమట్టంగా ఒక పలక మీద కూర్చుంటాడు. కాళ్లు గుంతలో ఉంటాయి. అక్కడున్న తొక్కుడు చెక్కలను కాళ్లతో ఒకదాని తర్వాత ఒకటి తొక్కితే పడుగు విడిపోతుంది. ఒక చెయ్యి తాడు పిడిని లాగి నాడెను విసురుతుంది. ఇంకో చెయ్యి అచ్చును లాగి కొడుతుంది. కళ్లు పడుగు మీదే ఉంటాయి. ఎక్కడ దారం తెగితే అక్కడ ఆపి ముడి వేయాలి. అంటే రెండు కాళ్లు, రెండు చేతులు, రెండు కళ్లు, వంగిన నడుం అన్నీ ఒకేసారి పనిచేయాలి.

తాడు లాగితే నాడె పరుగెత్తే ఏర్పాటును ఇంగ్లండులో జాన్ కే అనే ఆయన 1733లో కనిపెట్టాడు. అంతకుముందు నాడెను ఒక చేత్తో విసిరి ఇంకో చేత్తో పట్టుకునేవారు. రెండు చేతులు చాచినంత వెడల్పు గుడ్డే ఒక మనిషి నేయగలిగేవాడు. తాడు వచ్చాక వెడల్పు పెరిగింది, వేగం పెరిగింది. అయితే ఒకే కదలికను ఎక్కువసార్లు చేయవలసి వచ్చింది.

గుంత ఎందుకు తవ్వుతారు అని అడిగితే దానికీ కారణం ఉంది. నేలలోని చెమ్మ వల్ల పడుగు నూలు పొడిబారకుండా ఉంటుంది. పొడిబారిన నూలు త్వరగా తెగుతుంది. కాబట్టి చెమ్మ నూలుకు మంచిదే. ఏళ్ల తరబడి అందులో కాళ్లు పెట్టుకున్న మనిషి మోకాళ్లకు మాత్రం అది మంచిది కాదు. వానాకాలం గట్టి వాన పడితే గుంతలోకి నీరు ఊరుతుంది. అప్పుడు నీరు తోడేసి, గుంత ఆరేదాకా పని ఆపాలి. పని ఆగితే కూలి ఆగుతుంది.

ఒక చీరకు ఎన్నిసార్లు?

లెక్క తెలిస్తేగాని కష్టం అర్థం కాదు. కాబట్టి ఒక చిన్న లెక్క వేద్దాం. చీర పొడవు ఐదున్నర మీటర్లు అనుకుందాం. అంటే సుమారు 216 అంగుళాలు. అంగుళానికి 60 పేకలు పడతాయి అనుకుంటే 216ను 60తో గుణించాలి. 12,960 వస్తుంది. సుమారు 13,000.

అంటే ఒక చీరకు తాడు పిడిని 13,000 సార్లు లాగాలి. అచ్చును 13,000 సార్లు కొట్టాలి. కాలితో 13,000 సార్లు తొక్కాలి. ఆ చీర రెండు రోజుల్లో పూర్తయితే రోజుకు ఒక్కో చేతికి 6,500 కదలికలు. ఇది సాదా చీర సంగతి. అంచులో, కొంగులో బుటాలు ఉంటే పని ఇంకా పెరుగుతుంది.

మీరు ఇప్పుడే ఒక పని చేసి చూడండి. నేల మీద కూర్చుని కుడిచేతిని ముందుకు చాచి, వెనక్కి లాగండి. వందసార్లు లెక్కపెట్టండి. భుజం బరువెక్కడం తెలుస్తుంది. నేతగాడు రోజూ అలాంటి వందలు అరవై ఐదు చేస్తాడు. మరుసటి రోజు మళ్లీ చేస్తాడు. ఇరవై, ముప్పై ఏళ్లు చేస్తాడు.

ఒంట్లో ఏం జరుగుతుంది?

నడుం: మన వెన్నుపూసల మధ్య మెత్తటి దిండ్లలాంటి డిస్కులు ఉంటాయి. నిలబడినప్పటికంటే ముందుకు వంగి కూర్చున్నప్పుడు వాటి మీద ఒత్తిడి ఎక్కువ. మగ్గం దగ్గర వెనుక ఆనుకోవడానికి ఏమీ ఉండదు. ఆనుకుంటే చెయ్యి అచ్చుకు అందదు. కాబట్టి వీపు కండరాలే గంటల తరబడి ఒంటి బరువును మోస్తాయి. కండరం బిగుస్తూ వదులుతూ ఉంటే రక్తం బాగా ఆడుతుంది. బిగిసే ఉండిపోతే రక్తం సరిగా అందక నొప్పి పుడుతుంది. రాత్రి పడుకుంటే తగ్గే నొప్పి కొన్నేళ్లకు పొద్దున లేచేసరికీ అలాగే ఉంటుంది.

మెడ, భుజాలు: తల ముందుకు వంచి చూడటం వల్ల మెడ వెనుక నరాలు, కండరాలు లాగుతాయి. లాగే చేతికీ కొట్టే చేతికీ పని వేరు. అందువల్ల నొప్పి కూడా రెండు భుజాల్లో రెండు రకాలుగా ఉంటుంది. మణికట్టు, వేళ్ల దగ్గర తిమ్మిర్లు వస్తాయి.

పిరుదులు, మోకాళ్లు: గట్టి పలక మీద రోజంతా కూర్చోవడం వల్ల పిరుదు ఎముక దగ్గరున్న చిన్న నీటి తిత్తి వాస్తుంది. ఇంగ్లీషు వైద్యులు దీనికి పెట్టిన పాత పేరు ‘వీవర్స్ బాటమ్’. అంటే నేతగాని పిరుదు. వృత్తి పేరుతోనే జబ్బుకు పేరు పడిందంటే ఇది ఒక ఊరి సమస్య కాదని, ప్రపంచంలో మగ్గం ఉన్నచోటల్లా ఉన్నదని తెలుస్తుంది.

కళ్లు: నూలుకు నంబరు ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 840 గజాల నూలును ఒక చిలప అంటారు. అలాంటి 80 చిలపలు కలిసి ఒక పౌను, అంటే దాదాపు 450 గ్రాములు తూగితే అది 80 నంబరు నూలు. ఆ లెక్కన ఒక్క పౌనులో 61 కిలోమీటర్ల దారం ఉంటుంది. ఎంత సన్నమో ఊహించండి. అంత సన్నని దారాల్లో తెగినదాన్ని వెతికి, అచ్చు సందులోంచి తీసి ముడివేయాలి. చాలా ఇళ్లలో మగ్గం ఉన్న గదికి చిన్న కిటికీయే ఉంటుంది. నలభై ఏళ్లకు అందరికీ వచ్చే చత్వారం నేతగాడికి ముందు తెలుస్తుంది, ఎక్కువ నష్టం చేస్తుంది. మనకు చత్వారం వస్తే పేపరు చదవలేం. అతనికి వస్తే కూలి పడిపోతుంది.

చర్మం, ఊపిరి: రంగులద్దే చోట కాస్టిక్ సోడా, హైడ్రోసల్ఫైట్ లాంటి రసాయనాలు వాడతారు. చేతి తొడుగులు లేకుండా ముంచి తీసేవారికి చర్మం పగులుతుంది, మండుతుంది. నూలు చుట్టేటప్పుడు లేచే పీచు గాలిలో కలిసి దగ్గు తెప్పిస్తుంది.

నేత ఒక్కటే కాదు, మేదర పని చేసేవారికీ ఇలాంటి బాధలే. వెదురు చీల్చేటప్పుడు వేళ్లు తెగుతాయి. గొంతుక్కూర్చుని తట్టలు అల్లడం వల్ల మోకాళ్లు అరుగుతాయి. కూర్చునే తీరు మారినా కారణం ఒక్కటే. ఒకే భంగిమ, ఒకే కదలిక, విరామం లేకపోవడం.

ఈ సంగతి మూడు వందల ఏళ్ల కిందటే ఒక వైద్యుడు చెప్పాడు. ఇటలీకి చెందిన బెర్నార్డినో రమజ్జిని 1700లో కార్మికుల జబ్బుల మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. రోగి దగ్గరికి వెళ్లిన వైద్యుడు మామూలు ప్రశ్నలతో పాటు ‘నువ్వు ఏం పని చేస్తావు?’ అని కూడా అడగాలని ఆయన రాశాడు. అసహజమైన భంగిమలు, ఆగని కదలికలు జబ్బులు తెస్తాయని వివరించాడు. ఈనాటికీ నడుం నొప్పితో ఆస్పత్రికి వెళ్తే మాత్రలు రాసిస్తారు గాని ఏం పని చేస్తావని అడిగేవారు తక్కువ.

మగ్గం ఎక్కకముందు పని

మనం మగ్గం మీద కూర్చున్న మనిషినే చూస్తాం. నేత మొదలయ్యేసరికే ఆ ఇంట్లో సగం పని అయిపోయి ఉంటుంది. చిలపలను విప్పి చుట్టాలి. పడుగు తోడాలి. గంజి పెట్టాలి. వీధిలో పడుగు చాపి కుంచెతో దువ్వాలి. పాత పడుగు చివరలకు కొత్త పడుగు చివరలను ఒక్కొక్కటిగా అతకాలి. రాట్నం తిప్పి కండెలు చుట్టాలి. ఈ పనుల్లో ఎక్కువ భాగం చేసేది ఆడవాళ్లు, ముసలివాళ్లు. పొద్దున వంట, నీళ్లు, పిల్లల పని అయ్యాక రాట్నం ముందు కూర్చుంటారు. కూలి మాత్రం చీరకు ఇంత అని ఇస్తారు. ఆ కూలి మగ్గం మీద కూర్చున్నవారి పేరునే వస్తుంది. కండెలు చుట్టిన అమ్మకు వేరే లెక్క ఉండదు.

2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షలకు పైగా చేనేత, అనుబంధ కార్మికులు ఉన్నారు. వారిలో 72 శాతం మంది స్త్రీలు. ‘నేతన్న’ అని మనం గౌరవంగా అంటాం. లెక్క చూస్తే నేతక్కలే ఎక్కువ.

నొప్పి ఉన్నా ఎందుకు ఆగరు?

గంటకోసారి లేచి నాలుగడుగులు నడిస్తే నడుం నొప్పి చాలా తగ్గుతుందని ఏ డాక్టరైనా చెబుతాడు. మరి ఎందుకు లేవరు? దీనికి జవాబు కూలి పద్ధతిలో ఉంది.

చాలామంది నేతగాళ్లు సొంతంగా నూలు కొనలేరు. మాస్టర్ వీవర్ నూలు, డిజైను ఇస్తాడు. చీర నేసి ఇస్తే మజూరి ఇస్తాడు. నెల జీతం లేదు, రోజు కూలి లేదు. ఎన్ని చీరలు దిగితే అంత డబ్బు. లేచి నడిచిన పది నిమిషాలు పేకలు పడని పది నిమిషాలు. జ్వరం వస్తే సెలవు లేదు. ముందుగా తీసుకున్న అప్పు ఉంటే పని మానడం అసలే కుదరదు. అదే గణనలో మూడింట రెండు వంతుల చేనేత కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయల లోపేనని తేలింది. ఆ ఆదాయంలో కళ్లద్దాలు కొనడం, మగ్గం ఎత్తు మార్పించడం వాయిదా పడుతూ ఉంటాయి.

నూలు ధర పెరిగినా దెబ్బే. 1991లో నూలు ధరలు పెరిగి పని దొరకనప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల చేనేత వాడల్లో ఆకలి చావులు జరిగాయి. అలాంటి రోజులు చూసినవారికి నడుం నొప్పి పెద్ద విషయంగా కనిపించదు. పని ఉండటమే గొప్ప అనిపిస్తుంది. అందుకే నొప్పి గురించి అడిగితే ‘మగ్గం అన్నాక మామూలే’ అంటారు. ఆ ‘మామూలే’ అన్న మాట దగ్గరే మనం ఆగి ఆలోచించాలి.

ఆసు యంత్రం చెప్పే పాఠం

నొప్పి మామూలే అని ఒప్పుకోని ఒక కొడుకు కథ చెబుతాం. తెలంగాణలో పోచంపల్లి చీరలు పేరుపొందినవి. వాటికి నేయకముందే నూలుకు చిటికి కట్టి రంగులద్దుతారు. అందుకోసం నూలును ముందుగా ఒక చట్రం మీద మేకుల చుట్టూ వరసగా తిప్పాలి. దీన్ని ఆసు పోయడం అంటారు. ఈ పని ఆడవాళ్లదే. ఒక చీరకు చేతిని సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఒక్క చీరకు నాలుగైదు గంటలు పడుతుంది.

ఆలేరు ప్రాంతంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఈ పని చేసేది. భుజం నొప్పితో ఇక చేయలేనని ఆమె బాధపడేది. పేదరికం వల్ల చదువు మధ్యలో ఆపిన మల్లేశం ఈ పనిని యంత్రం చేత చేయించాలని 1992లో ప్రయత్నం మొదలుపెట్టాడు. ఇంజనీరింగు చదవలేదు. చేతిలో డబ్బు లేదు. ఒక భాగం కుదిరితే ఇంకోటి కుదరలేదు. ఊళ్లో కొందరు నవ్వారు. హైదరాబాదు వెళ్లి పనిచేస్తూ ప్రయత్నం సాగించాడు. బాలానగర్‌లో ఒక యంత్రం కదలికను చూసినప్పుడు తనకు కావలసిన చివరి భాగం ఎలా ఉండాలో తట్టింది. 1999లో యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. చెయ్యి తిప్పవలసిన అవసరం పోయింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2019లో ఆయన జీవితం మీద ‘మల్లేశం’ అనే సినిమా వచ్చింది.

ఈ కథలో మనం గమనించవలసింది ఒకటుంది. ఆసు పోసే ఆడవాళ్ల భుజాలు ఎన్నో తరాలుగా నొస్తూనే ఉన్నాయి. ఆ నొప్పి అందరికీ తెలుసు. అయినా అది చేతి కదలిక నుంచి వచ్చిందనీ, ఆ కదలికను తీసేస్తే నొప్పి పోతుందనీ ఎవరూ పట్టించుకోలేదు. మల్లేశం పట్టించుకున్నాడు. చీర అందం తగ్గలేదు, ఆసు పని ఆగలేదు. పోయింది నొప్పి మాత్రమే.

ఏమేం మార్చవచ్చు?

అన్నిటికీ ఏడేళ్ల ప్రయత్నం అక్కరలేదు. చిన్న మార్పులు చాలా ఉన్నాయి.

1. కూర్చునే పలక ఎత్తు మనిషిని బట్టి ఉండాలి. తాత ఎత్తుకు తవ్విన గుంతలో మనవడు కూర్చుంటే నడుం వంగక తప్పదు. పలక మీద దూదిదిండు వేసుకుంటే పిరుదుల మీద ఒత్తిడి తగ్గుతుంది.

2. గుంత అడుగున, గోడలకు సిమెంటు చేయిస్తే ఊట నీరు తగ్గుతుంది. చోటు, డబ్బు ఉంటే నేల మీద నిలిపే చట్రపు మగ్గం మంచిది. దాంట్లో కాళ్లు చెమ్మలో ఉండవు. కుర్చీ ఎత్తులో కూర్చోవచ్చు.

3. అచ్చు మీద పడేలా ఒక మంచి ఎల్‌ఈడీ దీపం. వెలుతురు వెనుక నుంచి వస్తే మనిషి నీడ పడుగు మీదే పడుతుంది. కాబట్టి పక్క నుంచో పై నుంచో రావాలి. ఏడాదికోసారి కంటి పరీక్ష, అవసరమైతే అద్దాలు.

4. కండెలు చుట్టడానికి మోటారు రాట్నం. బరువైన జకార్డు ఉన్నచోట దాన్ని ఎత్తడానికి మోటారు పరికరం. కాలితో తొక్కి జకార్డును ఎత్తడం మోకాళ్లకు చాలా భారం.

5. గంటకు ఐదు నిమిషాలు లేవడం. చేతులు పైకి చాచి, నడుం వెనక్కి వంచి, దూరంగా ఉన్న చెట్టును కాసేపు చూడటం. దూరం చూస్తే కంటికి విశ్రాంతి.

మోటారు పెడితే అది చేనేత ఎలా అవుతుందని కొందరు అడుగుతారు. ఆ భయంలో అర్థం ఉంది. మరమగ్గాల గుడ్డను చేనేత పేరుతో అమ్మి నేతగాళ్ల పొట్ట కొట్టినవారు ఉన్నారు. అయితే కండె చుట్టడం, జకార్డు ఎత్తడం, ఆసు పోయడం వేరు, గుడ్డ నేయడం వేరు. నాడె నేతగాడి చేతి లాగుడుతోనే నడుస్తుంటే ఆ గుడ్డ చేతి నేతే. బరువు మోసే పని యంత్రానికి ఇచ్చి, నేర్పున్న పని మనిషికి ఉంచడం తప్పు కాదని మా అభిప్రాయం.

చట్టాలు, పథకాలు

1985లో కేంద్ర ప్రభుత్వం చేనేత రిజర్వేషన్ చట్టం తెచ్చింది. మొదట 22 రకాల గుడ్డలను చేనేతకే కేటాయించారు. తర్వాత వాటిని 11కు తగ్గించారు. ఆ చట్టం గుడ్డ రకాన్ని కాపాడుతుంది. నేసే మనిషి నడుం గురించి అందులో ఏమీ లేదు. ఫ్యాక్టరీలో అయితే వెలుతురు, గాలి, పని గంటల గురించి నిబంధనలు ఉంటాయి. ఇంట్లో ఉన్న మగ్గం దగ్గరకు ఏ ఇన్‌స్పెక్టరూ రాడు.

మన రాష్ట్రంలో మామూలు వృద్ధాప్య పెన్షన్‌కు 60 ఏళ్లు నిండాలి. చేనేత కార్మికులకు 50 ఏళ్లకే ఇస్తారు. 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు. నేత పని చేసే మనిషి పదేళ్లు ముందుగానే అలసిపోతాడని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా. 2019 నుంచి 2023 వరకు నేతన్న నేస్తం కింద సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చారు. సొంత మగ్గం లేక ఇతరుల మగ్గం మీద నేసేవారికి, కండెలు చుట్టేవారికి అది అందలేదు. ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు ఆపరేషన్ల వంటి పెద్ద వైద్యానికి ఆదుకుంటాయి. ఏళ్ల తరబడి సాగే నడుం నొప్పికి, కళ్లద్దాలకు, వ్యాయామ చికిత్సకు చేనేత వాడలోనే ఒక వైద్య శిబిరం నెలకోసారి జరిగితే ఎంతో మేలు.

మనం చేయగలిగింది

2015 నుంచి ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ రోజు బడుల్లో వ్యాసరచన పోటీలు పెడతారు. చేనేత గొప్పతనం గురించి రాసేటప్పుడు మగ్గం లెక్క కూడా రాద్దాం. చీరకు 13,000 సార్లు అన్న లెక్క తెలిసినవాడు ఆప్కో దుకాణంలో ధర ఎక్కువని ఊరికే బేరమాడడు.

మనలో పదో తరగతి పూర్తి చేసేవారు చాలామంది ఉన్నారు. పాలిటెక్నిక్, ఐటీఐ గురించి అందరికీ తెలుసు. వెంకటగిరిలో ప్రగడ కోటయ్య గారి పేరున చేనేత సాంకేతిక విద్యాసంస్థ ఉంది. అక్కడ పదో తరగతి తర్వాత మూడేళ్ల డిప్లొమా చదవవచ్చు. ప్రగడ కోటయ్య గారు మన పాత గుంటూరు జిల్లాలోని నిడుబ్రోలులో పుట్టి, జీవితమంతా చేనేత కార్మికుల కోసం పనిచేసిన నాయకుడు. మగ్గాన్ని మనిషి ఒంటికి సరిపడేలా మార్చే పని చదువుకున్నవాళ్లు చేయవలసినది. ఆ పని మనలో ఒకరు ఎందుకు చేయకూడదు?

ఇక చివరగా మన ఇళ్ల సంగతి. మన అమ్మలు మిరపకాయల కోతకు, పత్తితీతకు వెళ్తారు. రోజంతా వంగి ఉంటారు. సాయంత్రం వచ్చి నడుం పట్టుకుని కూర్చుంటే మనం ‘కూలిపని కదా, మామూలే’ అనుకుంటాం. రమజ్జిని వైద్యులకు చెప్పిన ప్రశ్న మనమూ అడగవచ్చు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ పక్కన కూర్చుని ఏ పని చేసేటప్పుడు ఎక్కడ నొస్తుందో అడగండి. బుట్ట ఎక్కడ కట్టుకుంటుంది, ఎంతసేపు వంగుతుంది, మధ్యలో ఎన్నిసార్లు నిలబడుతుంది, కాగితం మీద రాసుకోండి. వచ్చే సంవత్సరం సంచికకు ఆ కాగితాలన్నీ కలిపి మరో వ్యాసం రాద్దాం.